అయిదు కిలోల విమానం అట్లాంటిక్ దాటింది!

తిరునాళ్లలో కొన్న బొమ్మ విమానం పెరటి గోడ దాటితే యింటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. అటువంటి నమూనా విమానం ఒకటి అట్లాంటిక్ మహాసముద్రాన్నే దాటిందంటే, బామ్మగారు “చాల్లే, కోతలు!” అని తీసిపారేస్తారు. కాని యిది కోత కాదు. 2003 ఆగస్టులో నిజంగా జరిగిన ముచ్చట.

దీనికి కర్త మేనార్డ్ హిల్ అనే అమెరికను. అప్పటికి ఆయన వయస్సు 77 సంవత్సరాలు. చూపు దాదాపు పోయింది. చెవులు సరిగా వినిపించవు. అయినా బల్సా చెక్కను వేళ్లతో తడిమి చూసుకుంటూ విమానాలు కట్టేవారు.

ఆయనకు సముద్రం కన్న పెద్ద అడ్డంకి త్రాసు! అప్పటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం నమూనా విమానం యింధనంతో సహా 5 కిలోలు మించరాదు. యింజను 10 ఘన సెంటీమీటర్లు దాటరాదు. రెక్కలు, యింజను, దారి చూపే యంత్రాలు, పెట్రోలు అన్నీ ఆ 5 కిలోలలోనే యిమడాలి. ఒకచోట తులం పెరిగితే మరొకచోట తులం పెట్రోలు తగ్గించవలసిందే. పెట్రోలు తగ్గితే ఒడ్డు అందదు.

ముందు యింజను సంగతి చూద్దాం. నమూనా విమానాల చిన్న యింజన్లు సాధారణంగా మిథనాలుతో నడుస్తవి. నిప్పురవ్వ పుట్టించే సరంజామా వాటికి అక్కరలేదు గనుక తేలికగా వుంటవి. కాని కిలో మిథనాలులోని శక్తి కిలో పెట్రోలులో వున్నదానికి సగమైనా వుండదు. అంటే అంతే దూరానికి రెండింతలకు పైగా మోయాలన్నమాట! అందుకని హిల్ నాలుగు స్ట్రోకుల యింజను నొకదాన్ని తీసుకొని, లాంతర్లలో పోసే పెట్రోలు వంటి యింధనంతో నడిచేటట్లు సవరించారు. యింజను బరువు కొంచెం పెరిగితేనేం, యింధనంలో అంతకు ఎన్నో రెట్లు కలిసివచ్చింది.

యిక దేహం. విమానాన్ని అన్నివైపులా రెండింతలు చేస్తే రెక్కల వైశాల్యం నాలుగింతలే అవుతుంది. బరువు మాత్రం ఎనిమిదింతలు కాగలదు. పెద్ద నమూనాలు కట్టేవారిని ఏడిపించే లెక్క యిదే. తూకం కూడ కుదరాలి. తోక, ముక్కుకన్న మూడింతల దూరంలో వుంటే, తోకలో పెరిగిన ప్రతి గ్రాముకూ ముక్కున మూడు గ్రాముల బరువు కట్టాలి. పోనీ అని చెక్కను మరీ పలుచన చేస్తే గాలి దెబ్బకు విరుగుతుంది. హిల్ రెక్కల నిడివి ఆరడుగుల దగ్గరే ఆపి, చక్రాలు మానివేశారు. చేతితో గాలిలోకి విసరటం, పొట్టమీద దించటం!

చివరకు ఖాళీ విమానం మూడు కిలోల లోపుగా తేలింది. తక్కిన రెండు కిలోల పైచిలుకూ యింధనమే.

ముందు పంపినవి సముద్రం పాలైనవి. హిల్ నిరాశ చెందలేదు. ఆగస్టు 9న న్యూఫౌండ్లాండు తీరాన విసరిన విమానం, 38 గంటల 52 నిమిషాలు ఎగిరి, సుమారు 1,882 మైళ్లు దాటి, 11వ తేదీన ఐర్లండులో క్లిఫ్డెను దగ్గర వాలింది. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనే వీరులు మొట్టమొదట ఆగకుండా అట్లాంటిక్ దాటి దిగినది కూడ ఆ ఊరి దగ్గరే!

దిగేసరికి ట్యాంకులో మిగిలినది గుక్కెడు పెట్రోలు. తోకలో పిడికెడు చెక్క ఎక్కువ పెట్టి వుంటే, ఒడ్డు కనబడుతుండగానే మునిగిపోయేదేమో! హిల్ 2011లో కన్నుమూశారు. కళ్లు చూడలేని ఆ కాస్త బరువును ఆయన వేళ్లు పసికట్టినవి.