బూడిద దిబ్బలు: పూర్వపు పశువుల మందలు

పాటిమన్ను బలమైనదని రైతులకు ఎవరును చెప్పనక్కఱలేదు. ఎన్నడో ఊరుండి పాడైన దిబ్బనుండి బండ్లతో మన్ను తోలించి చేనికి వేసికొనుట మన పెద్దలనాటినుండి యున్న వాడుకయే. మనుష్యులును పశువులును చిరకాలము మసలిన నేలయందు సారము నిలుచునన్న మాట ఎన్నియేండ్లవఱకు నిజము? ఈ ప్రశ్నకు మన మెట్టసీమలోనే యొక వింతయైన సాక్ష్యము కలదు.

కృష్ణా తుంగభద్రల నడిమి ప్రదేశమునను, బళ్లారి, అనంతపురము, మహబూబునగరు ప్రాంతములందును బూడిద దిబ్బలు నూటికి పైగా గుర్తింపబడినవి. బళ్లారినుండి హోసపేటకు పోవు త్రోవలో కుడితిని యొద్ద నున్నది వీనిలో పేరొందినది. దూరమునుండి చూచువారికి మామూలు మిట్టవలె తోచును. గడ్డపారతో గీచినచో లోపల తెల్లని బూడిద పొరలు పొరలుగా నుండును; నడుమనడుమ గాజువలె కరగి గట్టిపడిన చిట్టెమును కాననగును. హంపి దగ్గఱ నింబాపురపు దిబ్బను వాలిని దహనము చేసిన చోటని జనులు చెప్పుకొందురు. ఈ చిట్టెము అగ్నిపర్వతమునుండి వచ్చినదా, కొలిమిలోనిదా యని పండితులును చాలకాలము తర్కించిరి. భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసిన రాబర్టు బ్రూసు ఫుట్టు మాత్రము ఇది కాలిన ఆవుపేడ యని పందొమ్మిదవ శతాబ్దియందే చెప్పెను. అందఱును వెంటనే నమ్మలేదు.

పేడ గాజుగా నెట్లు మాఱునని మీరడుగవచ్చును. గడ్డిపోచ చేతిని కోయుటకు కారణమైన ఇసుకజాతి పదార్థము పేడలోనికిని వచ్చును. కుప్ప మిక్కిలి వేడితో కాలినప్పుడు అది పొటాషుతో కలిసి కరగును. అంతియే.

1957వ సంవత్సరమున రేమండు ఆల్చిను అను పండితుడు మహబూబునగరు ప్రాంతములోని ఉట్నూరు దిబ్బను త్రవ్వించెను. (ఆదిలాబాదు వైపునున్న ఉట్నూరు వేఱు.) అచ్చట తాటిమ్రాకులను వరుసగా పాతి కట్టిన దొడ్డి గుర్తులు బయల్పడినవి. దొడ్డి కాలిపోయినది, మఱల కట్టిరి, మఱల కాలినది. లోపలి పొరలో పశువుల గిట్టల జాడలు చెదరక నిలిచియుండెను. నాలుగైదువేల యేండ్లనాటి యొక సాయంకాలమున ఇల్లు చేరిన మంద అడుగులవి! ఆ సంగతి చదివిననాడు నాకు చాలసేపటివఱకు మఱియొక పనిమీద మనసు పోలేదు.

దొడ్లను వారే తగులబెట్టిరా? ఏటేట పండుగనాళ్లలో మంట పెట్టి పశువులను దాటించుట వంటి ఆచార మేదియో ఉండెనని ఆల్చిను ఊహించెను. నా మట్టుకు నాకు ఈఁగలను, గోమారులను పోఁగొట్టుటయు ఒక కారణమై యుండుననిపించును. పశువుల కాపరికి పండుగయు పనియు వేఱుగా నుండవు గదా. సురపురము ప్రాంతములోని బూదిహాళున పద్దయ్యగారు త్రవ్వించినప్పుడు దొడ్డి యొకచోటను పేడకుప్ప యొకచోటను కనబడినవి. పేడను ఎత్తి వేఱుగా పోయు శ్రద్ధ ఆనాడే యున్నదన్నమాట. ఆ కాలపువారు ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకొనిరి. మన మెట్టచేలలో ఉలవ నేటికిని విడువలేదు.

అయినను, రైతు దృష్టితో చూచినచో ఇంత పేడ అగ్నిపాలగుట చూచి గుండె తరుక్కుపోవును. పేడ కాలినప్పుడు నత్రజని పొగతో పోవును. భాస్వరము, సున్నము, పొటాషు బూడిదలో మిగులును; ఆ పొటాషును వానకు విడిచినచో కొంతకాలమునకు అదియు కరగిపోవును.

కాల్చక విడిచిన పేడ యేమి చేయునో ఆఫ్రికా ఖండమున తేలినది. కెన్యా దేశపు నైరుతి భాగమున నారోకు సీమలో ఐదు పాతమకాములను పరీక్షించి, ఫియోనా మార్షలు మొదలగువారు 2018లో ఫలితములను ప్రకటించిరి. 1550 మొదలు 3700 యేండ్ల క్రిందట పశుపాలకులు రాత్రులందు ఆవులను, గొఱ్ఱెలను, మేకలను దొడ్లలో మూసి, మేత తఱుగగానే కదలిపోయిన చోట్లవి. చుట్టుప్రక్కల నేల నిస్సారము. ఆ మకాముల మట్టిలో భాస్వరము, సున్నము, మెగ్నీషియము నేటికిని అధికముగా నున్నవి. అచ్చట చెట్లు పలుచన, పచ్చిక దట్టము. ఆ పచ్చికకై అడవిమృగములు వచ్చి మేసి, తామును పేడ వేసి పోవుచున్నవి. మనుష్యుడు విడిచిన పనిని మృగములు కొనసాగించుచున్నవి. ఆ మైదానము ఎవరును ముట్టని అడవి యని చూడవచ్చినవా రనుకొందురు!

మన సీమలో గొఱ్ఱెల మందను చేనిలో రాత్రులు నిలుపుట ఈ పనియే. ఇచ్చట పేడతోపాటు మూత్రమును నేలలో నింకును. తోలకపు ఖర్చు లేదు.

నేను ఉద్యోగములో క్రొత్తగా చేరినప్పుడు ఒక గ్రామమున పిడకలు కాల్చరాదని గంటసేపు ఉపన్యసించితిని. ఒక ముసలి రైతు ఓపికతో విని, "అయ్యా, తమరు చెప్పినట్లే పేడంతా చేనికి తోలుతాము. రేపు పొయ్యిలో ఏమి పెట్టమంటారో అదికూడ సెలవియ్యండి" అనెను. నావద్ద జవాబు లేకపోయెను. నేడు అనేక గృహములకు గ్యాసుపొయ్యి వచ్చినది; పిడకల అక్కఱ తగ్గినది. కాని ట్రాక్టరు వచ్చిన పిమ్మట కాడి యెద్దులును తగ్గినవి. పేడను కాల్పవద్దని చెప్పుటకు నాకు ధైర్యము వచ్చునప్పటికి పేడయే కొఱవడినది.

బూడిద దిబ్బలను గూర్చి ఒక్క మనవి. పెక్కు దిబ్బలు బండ్లకెత్తి తరలించుటవలన తరిగిపోయినవి. ఆ బూడిదలో నత్రజని లేదని పైన చెప్పితిని. దానికొఱకు గిట్టలజాడలను త్రవ్విపోయుట గిట్టుబాటు బేరము కాదు. మీ పొలమున నట్టి మిట్ట యున్నచో పారవేయుటకు ముందు పురావస్తు శాఖవారికి తెలుపుడు.

ఈ వేసవిలో మంద నిలుపువారు, నిలిపిన మడినుండియు నిలుపని ప్రక్కమడినుండియు వేర్వేఱుగా మట్టి తీసి, సంచులకు చీట్లు కట్టి మట్టి పరీక్షశాలకు పంపుడు. రెండు మూడేండ్లు వరుసగా అదే మడులనుండి తీసినగాని భేదము తెలియరాదు.