పోగు తెలిసిన ప్లీడరు కావాలి

మేధోసంపత్తి అనగానే అదేదో అమెరికా కంపెనీల గొడవ అనుకుంటాం. పిఠాపురం పక్కనున్న ఉప్పాడ సంగతి చూస్తే అది మన గొడవ కూడా అని తెలుస్తుంది. ఉప్పాడ జాందానీ చీరలకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో నేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. మరమగ్గం గుడ్డకి ఆ పేరు తగిలించి అమ్మితే దావా వెయ్యొచ్చు.

దావాలో ఏం రుజువు చెయ్యాలి? జాందానీలో బుటా ఉన్నచోట మాత్రమే అదనపు పేకపోగుని చేత్తో పడుగులో తిప్పుతారు. అందుకే బుటా రెండువైపులా ఒకేలా కనబడుతుంది. జకార్డు మీద తీసిన నకలులో మామూలుగా ఆ పోగు బుటా దాటి వెనకవైపు వేలాడుతుంది, దాన్ని కత్తిరిస్తారు. తిరగేస్తే కొసలు దొరుకుతాయి. నేతగాడికి ఇది కంటిచూపుతో తెలుస్తుంది. జడ్జీకి తెలియదు. ఆ చూపుని సాక్ష్యంగా మార్చి, అవతలి పక్షం తెచ్చిన నిపుణుణ్ణి నిలదీయాలంటే యంత్రమూ చట్టమూ రెండూ తెలిసిన ప్లీడరు కావాలి.

పేటెంట్లలోనైతే ఈ చదువు చట్టమే అడుగుతుంది. 1970 పేటెంట్ల చట్టం 126వ సెక్షను ప్రకారం పేటెంటు ఏజెంటుకి సైన్సు, ఇంజనీరింగు లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాలి. కోర్టులో వాదించడానికి లా డిగ్రీ, బార్ కౌన్సిల్లో పేరు ఉండాలి. నాలుగేళ్లు ఇంజనీరింగు, మూడేళ్లు లా. కూలికి పోతేగాని పొయ్యి వెలగని ఇంటికి ఏడేళ్లంటే ఎంత? సీట్లలో ఎస్సీలకి రిజర్వేషన్ ఉంది. ఆ తర్వాత పని నేర్చుకోవాల్సిన ప్రైవేటు లా ఆఫీసుల్లో లేదు. గేటు అక్కడ మూసుకుంటుంది.

ఇంతకీ దావా వేసే హక్కు ఎవరిది? 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం రిజిస్టరుని రెండు భాగాలు చేసింది. ‘ఏ’ భాగంలో గుర్తింపు పొందిన సంస్థ, ‘బి’ భాగంలో ఆ పేరు వాడుకునే హక్కున్న ఉత్పత్తిదారులు. వీళ్లిద్దరికే కోర్టుకెళ్లే హక్కు. అయితే ‘ఉత్పత్తిదారు’ నిర్వచనంలో సరుకుతో వ్యాపారం చేసేవాణ్ణి కూడా కలిపారు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టనివాడు కూడా ఉత్పత్తిదారే! షావుకారు పేరెక్కి, కూలినేత నేసేవాడి పేరు ఎక్కకపోతే హక్కు ఎవరి చేతిలో ఉన్నట్టు?

ఈ ప్రశ్న దళితులకి ఎంత దగ్గరిదో కొల్హాపురీ చెప్పులు చూపించాయి. తరతరాలుగా ఎక్కువగా దళిత చర్మకారులు కుట్టిన చెప్పులివి. 2019లో గుర్తింపు వచ్చినప్పుడు సొంతదారులుగా నమోదైనవి మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు కార్పొరేషన్లు. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా అలాంటి చెప్పుల్నే మిలాన్ ప్రదర్శనలో పెట్టింది. కొందరు అడ్వకేట్లు బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. మీరు నమోదైన సొంతదారులు కారంటూ జూలైలో కోర్టు కొట్టేసింది. చెప్పు కుట్టినవాడి కోసం మాట్లాడ్డానికి వెళ్లినవాళ్లకి ఆ అర్హత లేదు. అర్హత ఉన్నచోట కుట్టినవాడు లేడు.

కనుక చెయ్యాల్సిన పనులు రెండు. చేత్తో చేసేవాళ్ల పేర్లు ‘బి’ భాగంలో ఎక్కించాలి. దరఖాస్తు ఫీజు 2020లో 500 రూపాయల నుంచి 10కి తగ్గింది, డబ్బు అడ్డు కాదు. అడ్డల్లా కాగితం రాసిపెట్టే మనిషి లేకపోవడమే. రెండోది, కాకినాడ ఇంజనీరింగు కాలేజీలో చదివే మన పిల్లలకి ఉద్యోగం ఒక్కటే కాదు, లా కూడా ఒక దారేనని చెప్పాలి. తోలు, పోగు, మట్టి తెలిసిన ఇళ్లనుంచి ప్లీడర్లు వచ్చిననాడే మేధ ఎవరిదో, సంపత్తి ఎవరిదో కోర్టులో గట్టిగా అడగగలం.