పాత ఫోటో వెనుక వెలిసిన అక్షరాలు చదవడం ఎలా?

బరంపురంలో మా సంఘం తరఫున పాత కుటుంబ ఫోటోలు సేకరిస్తున్నాము. ఒక ఇంటివారు తాతగారి పెళ్లి ఫోటో తెచ్చారు. ముఖాలు వెలిసిపోయాయి. వెనుక పెన్సిలుతో రాసిన తెలుగు వరుస ఉంది కానీ కంటికి ఆనలేదు. అంతకు ముందు మరొక ఫోటోను ఒక స్టూడియోకి ఇస్తే ముఖం నున్నగా కొత్తగా చేసి ఇచ్చారు. "ఈవిడ మా అమ్మమ్మ కాదండీ" అన్నారు ఆ ఇంటి పెద్దావిడ. అందుకే ఈసారి పని మేమే నేర్చుకున్నాము.

కంప్యూటరులో జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ముందుగా ఫోటోను రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేయండి. జింప్‌లో తెరిచి, లేయర్ మెనూలో డూప్లికేట్ లేయర్ నొక్కండి. ఒకే బొమ్మ రెండు పొరలవుతుంది. పై పొరకు మోడ్ అనే చోట నార్మల్ తీసి మల్టిప్లై పెట్టండి. పై పొర కింది పొరతో ఎలా కలవాలో చెప్పే ఈ ఎంపికనే బ్లెండింగ్ మోడ్ అంటారు.

లెక్క ఇది. నలుపు 0, తెలుపు 255. మల్టిప్లై రెండు పొరల అంకెలను గుణించి 255తో భాగిస్తుంది. కాగితం 250, పెన్సిలు గీత 220 అనుకోండి. తేడా 30 మాత్రమే. గుణించాక కాగితం 245, గీత 190 అవుతాయి. తేడా 55. అక్షరం పైకి తేలుతుంది. చాలకపోతే ఇంకో పొర వేయండి. నలుపు ఎక్కువైతే ఓపాసిటీ తగ్గించండి. మరకలు కూడా ముదురుతాయి, గమనించండి.

చీకటిగా ఉన్న ఫోటోకు స్క్రీన్ మోడ్ వెలుగునిస్తుంది. చప్పగా ఉన్నదానికి ఓవర్‌లే వాడితే ముదురు ముదురుగా, లేత లేతగా విడిపోతాయి. ఇవేవీ లేని గీతను పుట్టించవు. పూర్తిగా చెరిగినది తిరిగి రాదు. ఉన్న ముఖం మాత్రం మారదు. అసలు స్కాన్‌ను అలాగే ఉంచి, మార్చినదాన్ని వేరే పేరుతో దాచుకోండి.

ఆ పెళ్లి ఫోటో వెనుక ఇంటిపేరు, ఊరిపేరు తేలాయి. తెచ్చిన మనవడు ఒడియా, ఇంగ్లీషు చదివినవాడు. "ఏం రాశారండీ?" అని మమ్మల్నే అడిగాడు.

కనుక మీ ఫోటోలు తీసుకుని సంఘానికి రండి, మోడ్ మార్చడం చూపిస్తాము. పిల్లలను వెంట తీసుకురండి. ఆ అక్షరాలు చదవడం కూడా వారికి నేర్పుదాము.