పర్యావరణం చదివితే మన షెడ్డుకేం లాభం?



పీయూసీలో బయాలజీ తీసుకున్న పిల్ల "నేను ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదువుతా నాన్నా" అంటే గబ్బూరు వైపు ఇళ్లలో మొదట వచ్చే మాట, "చెట్లు నాటడానికి డిగ్రీ ఎందుకమ్మా?" అని. ఈ మాటను మేం ఒప్పుకోం.

బొప్పాయి పిండినల్లి సంగతే తీసుకోండి. మన దేశంలో 2008లో కోయంబత్తూరు దగ్గర మొదటిసారి కనబడింది. బయటి దేశపు పురుగు కాబట్టి దాన్ని అణిచే శత్రువు ఇక్కడ లేదు. బొప్పాయి మీంచి మల్బరీకి ఎక్కి తమిళనాడు, కర్ణాటక తోటల్ని పాడుచేసింది. మందు కొడదామా అంటే మన కష్టం మనకు తెలిసిందే, నల్లి కంటే ముందు పట్టుపురుగే పోతుంది. అప్పుడు బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థ వాళ్లు 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల బుల్లి కందిరీగలు తెప్పించారు. వాటిలో బాగా పనిచేసింది అసెరోఫేగస్ పపాయే. కంటికి సరిగా ఆనదు కూడా. నల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలి నుంచే దాన్ని తినేస్తుంది. వదిలిన కొన్ని నెలల్లోనే నల్లి అదుపులోకొచ్చింది.

ఈ పురుగు ఎక్కడిది, అక్కడ దాన్ని ఎవరు తింటున్నారు, ఆ శత్రువును ఇక్కడికి తెస్తే మన పట్టుపురుగుకు, తేనెటీగకు హాని ఉందా? బయాలజీతో పర్యావరణం చదవడమంటే ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడం నేర్చుకోవడమే.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. ఇటుక బట్టీ పొగలో ఫ్లోరైడ్ ఉంటుంది. మల్బరీ ఆకు దాన్ని పీల్చి దాచుకుంటుంది. ఆకు చూడ్డానికి పచ్చగా బాగానే ఉంటుంది, పురుగు మాత్రం మేత తగ్గించి, జ్వరాలు సరిగా దాటక చనిపోతుంది. చైనాలో జెజియాంగ్ రైతులు 1980లలో ఇలాగే దెబ్బతిన్నారు. మనమైతే గుడ్లు మంచివి కావని చాకీవాళ్లతో గొడవపడతాం! ఆకు కోసి ల్యాబులో పరీక్షించి కారణం చెప్పేవాళ్లు ఊళ్లో ఒక్కరున్నా ఎంత నయం.

అయితే ఒక జాగ్రత్త. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, ఏ డిగ్రీ చదివినా పర్యావరణం పేపరు ఒకటి ఉంటోంది. అది వేరు, ఈ డిగ్రీ వేరు. చేరేముందు సిలబస్ అడిగి చూడండి. జీవావరణం, సూక్ష్మజీవులు, నేల-నీటి పరీక్షలు, ల్యాబు ఉండాలి. అవేమీ లేకుండా చట్టాలూ నినాదాలే ఉంటే మా సలహా వద్దనే. డిగ్రీతోనే ఉద్యోగం వచ్చేస్తుందని కూడా మేం చెప్పం, ఎమ్మెస్సీ దాకా చదివించే ఓపిక కావాలి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, డిగ్రీలో ఇంగ్లీషు. మొదటి ఏడాది పిల్లలు తడబడతారు, తిట్టకండి.

పట్టు మీదే చదవాలనుకుంటే చింతామణిలో సెరికల్చర్ కాలేజీ ఉంది. ఏ కోర్సుకైనా 371 జె మరవద్దు. మన కల్యాణ కర్ణాటక కాలేజీల్లో 70 శాతం, మిగతా రాష్ట్రంలో 8 శాతం సీట్లు స్థానికులకే. క్యాంపుల్లో స్థిరపడ్డ మన తెలుగువాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టి ఉంటే వాళ్లూ అడగొచ్చు. ఆ అర్హతా పత్రం చేతికి రావడానికి రోజులు పడుతుంది. కౌన్సెలింగ్ తేదీ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే అర్జీ పెట్టండి.