గేమింగ్ కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై ఎంపిక: ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆటల కోసం రూపొందిన గ్రాఫిక్స్ కార్డులు నేడు భాషా నమూనాల వంటి పనులకూ ఉపయోగపడుతున్నాయి. పరిమితమైన సొమ్ముతో అటువంటి యంత్రాన్ని సమకూర్చుకొనేవారు కార్డుపై పెట్టిన శ్రద్ధను దానికి విద్యుత్తునందించే భాగంపై పెట్టడం అరుదు. తెర, వీడియో మెమరీ, 12 వోల్టుల సామర్థ్యం, క్షణిక భారం, కనెక్టర్లు అనే ప్రాతిపదికలను వివరించి, కార్డునూ పవర్ సప్లైనీ ఒకే నిర్ణయంగా చూడవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రాఫిక్స్ కార్డు, జీపీయూ, వీడియో మెమరీ, పవర్ సప్లై, ఎస్‌ఎంపీఎస్, 80 ప్లస్, భాషాసాంకేతికత.

1. ఉపోద్ఘాతం

1999లో ఎన్‌విడియా సంస్థ జీఫోర్స్ 256 కార్డును విడుదల చేస్తూ ‘జీపీయూ’ అనే మాటకు ప్రాచుర్యం కల్పించింది. తెరపై దృశ్యాన్ని చూపడమంటే లక్షలాది బిందువుల రంగులను సెకనుకు పదుల సార్లు లెక్కకట్టడం. సీపీయూ కొద్ది కోర్లతో క్లిష్టమైన పనులను వేగంగా చేస్తుంది. జీపీయూ సరళమైన లెక్కలను వేలాది చిన్న కోర్లకు పంచి ఏకకాలంలో పూర్తిచేస్తుంది. ఈ సమాంతర గణన శక్తి ఆటలకే పరిమితం కానవసరం లేదన్న అవగాహన 2007లో వెలువడిన ‘క్యుడా’ వేదికతో స్థిరపడింది. అందువల్ల గేమింగ్ కార్డు ఎంపిక తెలుగు భాషాసాంకేతికతపై పనిచేసే పరిశోధకులకూ సంబంధించిన విషయమైంది.

2. గ్రాఫిక్స్ కార్డు ఎంపిక

2.1. తెర పరిమాణం – గణన భారం

కార్డు ఎంపిక తెరతో మొదలుకావాలి. 1920×1080 తెరలో 20,73,600 బిందువులుంటాయి. 2560×1440 తెరలో 36,86,400, 3840×2160 తెరలో 82,94,400 ఉంటాయి. మొదటిదానికంటే చివరిదాని భారం సరిగ్గా నాలుగింతలు. సెకనుకు 60 దృశ్యాలు మాత్రమే చూపగల 1080 తెరకు అత్యంత ఖరీదైన కార్డును జతచేస్తే దాని శక్తిలో అధికభాగం నిరుపయోగమవుతుంది.

2.2. వీడియో మెమరీ

దృశ్యానికి కావలసిన సమాచారమంతా కార్డులోని మెమరీలో ఇమడాలి. ఇమడనప్పుడు అది కంప్యూటర్ ప్రధాన మెమరీ నుంచి రావలసివస్తుంది. ఆ దారి ఇరుకైనది కనుక ఆట తడబడుతుంది.

ఇక్కడ పేరులోని అంకె తప్పుదోవ పట్టించవచ్చు. ఆర్‌టీఎక్స్ 3060 ప్రధాన రూపంలో 12 జీబీ మెమరీ, సెకనుకు 360 జీబీ ప్రసార సామర్థ్యం ఉన్నాయి. దాని తరువాతి తరపు ఆర్‌టీఎక్స్ 4060లో మెమరీ 8 జీబీ, ప్రసార సామర్థ్యం 272 జీబీ. అయినా అధిక క్యాషె, నూతన నిర్మాణం కారణంగా చాలా ఆటల్లో కొత్తదే వేగవంతమైనది. పైగా 170 వాట్లకు బదులు 115 వాట్లతోనే పనిచేస్తుంది.

భాషా నమూనాల విషయంలో ఈ తీర్పు తారుమారవుతుంది. 700 కోట్ల పరామితులున్న నమూనాలో ఒక్కొక్క పరామితికి 2 బైట్ల చొప్పున 14 జీబీ కావాలి. దానిని 4 బిట్లకు కుదిస్తే 3.5 జీబీ సరిపోతుంది. 8 బిట్ల రూపానికి 7 జీబీ కావాలి. నడిచే సమయంలో అవసరమయ్యే అదనపు మెమరీ కూడా కలిస్తే, ఈ రూపం 8 జీబీ కార్డులో అత్తెసరుగా, 12 జీబీ కార్డులో సౌకర్యంగా ఇముడుతుంది. ఆటకు వేగం ప్రధానమైతే, నమూనాకు ముందుగా చోటు ప్రధానం. అయితే తెలుగు ముద్రిత ప్రతుల అక్షర గుర్తింపుకు టెసరాక్ట్ ఒక్కటే వాడదలచినవారికి ఈ కార్డుల అవసరమే లేదు. అది ప్రధానంగా సీపీయూపైనే నడుస్తుంది.

3. పవర్ సప్లై ఎంపిక

మన దుకాణాల్లో పవర్ సప్లైని ‘ఎస్‌ఎంపీఎస్’ అని వ్యవహరిస్తారు. చౌక కేబినెట్లతో పాటు ఇది కలిపి రావడం కద్దు. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చడం దీని పని. కార్డు, ప్రాసెసర్ రెండూ ప్రధానంగా 12 వోల్టుల మార్గంపైనే ఆధారపడతాయి.

3.1. లేబుల్ పఠనం

పెట్టెపై ముద్రించిన మొత్తం వాట్లకంటే 12 వోల్టుల గడిలోని ఆంపియర్లు ముఖ్యం. 450 వాట్లని రాసి ఉన్నా, ఆ గడిలో 18 ఆంపియర్లే ఉంటే లభించేది 216 వాట్లు మాత్రమే. ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అన్న సామెత ఇటువంటి లేబుళ్లకు చక్కగా వర్తిస్తుంది.

3.2. వాట్ల లెక్క, క్షణిక భారం

ఆర్‌టీఎక్స్ 4070 కార్డుకు 200 వాట్లు, కోర్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్‌కు గరిష్ఠంగా 117 వాట్లు, మదర్‌బోర్డు, మెమరీ, డిస్కు, ఫ్యాన్లకు సుమారు 60 వాట్లు అనుకుంటే మొత్తం 377 వాట్లు. అయినా ఈ కార్డుకు ఎన్‌విడియా సూచించినది 650 వాట్ల పవర్ సప్లై. ఇది వృథా జాగ్రత్త కాదు. కార్డు సగటున 200 వాట్లే వాడినా, సెకనులో అత్యల్ప భాగంపాటు అంతకు మించి లాగుతుంది. ఆ తాకిడికి రక్షణ వలయం స్పందిస్తే కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ సమస్యను గుర్తించింది. కొత్త 16 పిన్నుల కనెక్టరు కలిగి, 450 వాట్లకు మించిన యూనిట్లు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లపాటు తట్టుకోవాలని నిర్దేశించింది.

3.3. కనెక్టర్లు

మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు 75 వాట్ల వరకు లభిస్తాయి. 6 పిన్నుల కనెక్టరు 75, 8 పిన్నులది 150, కొత్త 16 పిన్నులది 600 వాట్ల వరకు అందించగలవు. 2022 చివరలో కొన్ని ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల వద్ద ఈ కొత్త కనెక్టర్లు కరిగిపోయాయి. కనెక్టరు పూర్తిగా లోపలికి దిగకపోవడం అందుకు ముఖ్యకారణమని ఎన్‌విడియా వివరించింది. కాబట్టి కనెక్టరు చివరిదాకా కూర్చున్నదీ లేనిదీ కంటితో చూసి నిర్ధారించుకోవాలి. విడదీయగల కేబుళ్లను ఒక సంస్థ యూనిట్ నుంచి మరొకదానికి మార్చకూడదు. యూనిట్ వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేనందున, అలా మార్చితే విలువైన భాగాలు కాలిపోవచ్చు.

3.4. సామర్థ్య ముద్ర

80 ప్లస్ ముద్ర విద్యుత్ మార్పిడి సామర్థ్యాన్ని తెలుపుతుంది. 115 వోల్టుల పరీక్షలో సగం భారం వద్ద బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం చేరాలి. యంత్రానికి 400 వాట్లు అందించడానికి మొదటిది సుమారు 470, రెండవది 444 వాట్లు తీసుకుంటాయి. రోజుకు నాలుగు గంటల వాడకంలో ఏడాదికి ఆదా అయ్యేది దాదాపు 38 యూనిట్లే. కరెంటు బిల్లు కోసమే గోల్డ్‌కు అధిక ధర చెల్లించడం సమంజసం కాకపోవచ్చు. క్షణిక భార సహనాన్నీ, రక్షణ వలయాల నాణ్యతనూ ఈ ముద్ర చెప్పదు. వాటికోసం స్వతంత్ర పరీక్షలను, వారంటీ కాలాన్ని పరిశీలించాలి.

3.5. యూపీఎస్

ఇళ్లలో సాధారణమైన 600 వీఏ యూపీఎస్ అందించగలిగేది తరచుగా 360 వాట్లే. పైన లెక్కించిన యంత్రం పూర్తి భారంలో గోడ సాకెట్ నుంచి 400 వాట్లకు పైగా తీసుకుంటుంది. కరెంటు పోయిన క్షణంలోనే అటువంటి యూపీఎస్ చేతులెత్తేస్తుంది.

4. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. కార్డును పేరులోని అంకెను బట్టి కాక, తెరను, చేయదలచిన పనిని బట్టి ఎంచుకోవాలి.
2. ఆటలకు మెరుగైన కార్డు భాషా నమూనాలకు మెరుగైనది కానవసరం లేదు.
3. పవర్ సప్లైని 12 వోల్టుల సామర్థ్యాన్ని, క్షణిక భారాన్ని లెక్కలోకి తీసుకొని నిర్ణయించాలి.
4. సొమ్ము చాలనప్పుడు కార్డులో ఒక మెట్టు దిగవచ్చు గాని పవర్ సప్లైలో దిగకూడదు. చిన్న కార్డు పనిని నెమ్మదింపజేస్తుంది. నాసిరకం పవర్ సప్లై కార్డుతో పాటు యంత్రాన్నంతటినీ, అందులో భద్రపరచిన పరిశోధన సామగ్రినీ ప్రమాదంలో పడవేస్తుంది.