తోపుడు కడ్డీ మారినచో కవాటపు సందు మారవలెనా?

పాత మోటారు సైకిళ్లను బాగుచేయువారికి ఒక సందేహము కలుగుచుండును. ఇంజనులో మొదటినుండి ఉన్న అల్యూమినియము తోపుడు కడ్డీలను తీసి, గట్టిదనము కొరకు ఉక్కు కడ్డీలు వేసినచో, కవాటపు సందును మునుపటివలెనే ఉంచవలెనా, మార్చవలెనా? దీనికి సమాధానము లోహముల వ్యాకోచములో ఉన్నది.

క్యామ్ తిరిగినప్పుడు ట్యాపెట్ పైకి లేచును. దానిపై నిలిచిన తోపుడు కడ్డీ రాకర్‌ను ఎత్తును. రాకర్ రెండవ కొన కవాటమును నొక్కి తెరచును. మెకానిక్కులు ఈ కడ్డీనే పుష్ రాడ్ అందురు. కవాటము మూసియున్నప్పుడు ఈ వరుసలో కొంచెము సందు ఉండవలెను. ఇంజను వేడెక్కిన పిదప అది పూర్తిగా పోయినచో, కవాటము తన పీఠముపై సరిగా కూర్చుండదు. ఎగ్జాస్ట్ కవాటము తన వేడిలో అధికభాగమును పీఠము ద్వారానే వదలుకొనును. ఆ దారి లేకున్న అది కాలిపోవును. సందు మితిమీరినచో చప్పుడు, అరుగుదల తప్పవు.

ఇక లెక్క చూతము. ఒక మీటరు పొడవు గల ఉక్కు, ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడికి సుమారు 0.012 మి.మీ. పెరుగును. అల్యూమినియము సుమారు 0.023 మి.మీ. పెరుగును. కడ్డీ పొడవు 200 మి.మీ. అనియు, దాని వేడి 60 డిగ్రీలు పెరిగినదనియు అనుకొందము. ఉక్కు కడ్డీ 0.144 మి.మీ., అల్యూమినియము కడ్డీ 0.276 మి.మీ. సాగును. భేదము 0.13 మి.మీ. ఇది మనము వ్రాసికొను కాగితపు మందము కంటె ఎక్కువ!

సిలిండరు కూడ వేడికి పెరిగి రాకర్‌ను పైకి తీసికొనిపోవును. కడ్డీ సిలిండరు అంత వేడెక్కదు. అందువలన పోత ఇనుప సిలిండరు పక్కన అల్యూమినియము కడ్డీని ఉంచినచో, తక్కువ వేడిలోనే అది తగినంత పెరిగి సందును కాపాడును. మదరాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ పాత ఇంజనులలోని ఏర్పాటు ఇదియే.

కాబట్టి అల్యూమినియము బదులు ఉక్కు వేసినచో, చల్లని ఇంజనులో సందును తగ్గింపవలెను. ఉక్కు బదులు అల్యూమినియము వేసినచో పెంచవలెను. రెండవ సందర్భమున ఏమరినచో కవాటమునకే ముప్పు. రాకర్ రెండు చేతులు సమానము కానిచో, కవాటము వద్ద ఈ భేదము ఆ నిష్పత్తిలో మారును.

అయితే పాత బుల్లెట్‌లో చల్లగా ఉన్నప్పుడు, కడ్డీ వ్రేళ్లతో సులభముగా తిరుగుచు, పైకి క్రిందికి కదలకుండ అమర్చుదురు. అనగా సందు దాదాపు సున్న. ఇక తగ్గించుటకు చోటు లేదు! అక్కడ ఉక్కు కడ్డీ వేసినవారు వేడిమీద చప్పుడును సహింపవలసినదే. బిగించి మాన్పజూచినచో, చల్లని ఇంజనులో కవాటము మూసికొనక, సంపీడనము పోవును.

ఇతర ఇంజనులలో నమ్మదగిన పద్ధతి ఇది. పాత కడ్డీలు తీయుటకు ముందే, సంపీడన ఘాతము చివర పిస్టను పైకి వచ్చినప్పుడు, ఫీలర్ గేజితో సందును చల్లగాను, ఇంజను బాగుగా నడిపిన వెంటనే వేడిగాను కొలిచి వ్రాసికొనవలెను. కొత్త కడ్డీలు వేసిన తరువాత, వేడిలోని సందు పాతదానితో సరిపోవునట్లు చల్లని సందును దిద్దవలెను. ఇంజనుకు అవసరమైనది వేడిలోని సందు. చల్లని సందు దానిని పొందుటకు సాధనము మాత్రమే.