మ్యాపులో మన ఊరి పేరు నిలవాలంటే

ఆమధ్య హోసూరు వైపు ఒక తెలుగు బడికి వెళ్లాం. ఎనిమిదో తరగతి పిల్లలు తమ ఊళ్ల మ్యాపు కంప్యూటరు మీద తయారు చేస్తున్నారు. చెరువులు, బావులు, గుడులు, బడికి వచ్చే బాటలు. ప్రతిదానికీ ఇంట్లో పిలిచే తెలుగు పేరు, పక్కనే తమిళ పేరు. చాలా పేర్లు అవ్వలను అడిగి రాసుకున్నవే. మాకూ పంపండి అన్నాం. తెరిచి చూస్తే చెరువుల గీతలు ఉన్నాయి, పేర్లు లేవు. మళ్లీ పంపితే పేర్ల చోట ప్రశ్నార్థకాలు వచ్చాయి. పిల్లల తప్పేమీ లేదు. మ్యాపును ఏ రకం ఫైలులో దాచాలో, ఎలా పంపాలో మనం వాళ్లకు చెప్పలేదు.

రెండు రకాల మ్యాపులు

కంప్యూటరు మ్యాపు సమాచారం ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వెక్టార్. ఇందులో బావి ఒక చుక్క, బాట ఒక గీత, చెరువు ఒక మూసిన ఆకారం. ఒక్కోదానికి వెనక హాజరు పట్టీ లాంటి పట్టికలో ఒక వరుస ఉంటుంది. పేరు, లోతు, ఇతర వివరాలు అందులోనే. యానాం పిల్లలకు దీన్ని చెప్పడం తేలిక. పుదుచ్చేరి, కారైక్కాల్, మాహె, యానాం దూరదూరంగా ఉన్నా ఒకే కేంద్రపాలిత ప్రాంతం. ఇలా అనేక ముక్కలను పట్టికలో ఒకే వరుసగా చూపే ఆకారాన్ని మల్టీపాలిగన్ అంటారు.

రెండోది రాస్టర్. ఇది గళ్ల కాగితం లాంటిది. ఉపగ్రహ చిత్రాలన్నీ ఇవే. సెంటినెల్-2 ఉపగ్రహం తీసే స్పష్టమైన చిత్రాల్లో ఒక్కో గడి నేల మీద 10 మీటర్లు. జియోటిఫ్ ఫైలులో ఆ గళ్లు భూమి మీద ఎక్కడివో కూడా రాసి ఉంటుంది. మామూలు ఫొటోగా మార్చి పంపితే ఆ వివరం పోతుంది.

పేర్లు ఎక్కడ పోయాయి?

పిల్లలు వాడింది షేప్‌ఫైల్. 1990ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. పేరుకు ఒక ఫైలే గానీ నిజానికి ఒక కట్ట. ఎస్‌హెచ్‌పీలో ఆకారాలు, ఎస్‌హెచ్‌ఎక్స్‌లో వాటి సూచిక, డీబీఎఫ్‌లో పేర్ల పట్టిక, పీఆర్‌జేలో కొలతల పద్ధతి ఉంటాయి. అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో సీపీజీ చెబుతుంది. మొదటిసారి మాకు డీబీఎఫ్ రాలేదు, రెండోసారి సీపీజీ రాలేదు.

ఇంకో చిక్కు ఉంది. ఇందులో పట్టిక గడి శీర్షికకు 10 బైట్ల చోటే ఉంటుంది. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. 'పాఠశాల' అన్న మాటకు 18 బైట్లు కావాలి, అంటే శీర్షికగా పెడితే సగంలోనే తెగిపోతుంది.

ఏది వాడాలి?

బడిలో పని చేసుకోవడానికి జియోప్యాకేజీ మేలు. అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి, తెలుగు చెదరదు. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లో నేరుగా తెరుచుకుంటుంది. గూగుల్ ఎర్త్‌లో చూపాలంటే కేఎంఎల్ చాలు.

ఇంటర్నెట్‌లో పెట్టడానికి జియోజేసన్ బాగుంటుంది. అది మామూలు అక్షరాల ఫైలు, యూటీఎఫ్-8లోనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: అందులో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రాయాలి. హోసూరు సుమారు 77.8 తూర్పు, 12.7 ఉత్తరం. తారుమారు చేస్తే మన ఊరు ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలుతుంది! భూగోళం పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంది?

ఎవరైనా షేప్‌ఫైలే కావాలంటే శీర్షికలు చిన్న ఇంగ్లిష్ మాటల్లో పెట్టి, లోపలి పేర్లు తెలుగులో రాయండి. కట్ట మొత్తాన్ని జిప్ చేసి పంపండి.

హోసూరు పిల్లలు మూడోసారి జియోప్యాకేజీగా పంపారు. ఈసారి ప్రతి చెరువూ తన పేరుతో వచ్చింది, తెలుగులోనూ తమిళంలోనూ. బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, సోలాపూర్‌లో మరాఠీ అలాగే పక్కన చేరవచ్చు. టీచర్లు ఫైలు సంగతి చూసుకుంటే, తల్లిదండ్రులు పిల్లల్ని అవ్వాతాతల దగ్గర కూర్చోబెట్టండి. ఊరి పేర్లు ఇంకా వాళ్ల నోటనే ఉన్నాయి.